పటిక ఎటువైపు?

నా చిన్నప్పుడు మా అమ్మ చేతిలో ఉప్పుకు రెండు పనులుండేవి. ఒకటి కూరలో పడడం, రెండోది నా తల చుట్టూ తిరిగి పొయ్యిలో పడడం. నేను కాస్త నలతగా కనిపించినా, పళ్లెంలో సంగటి మిగిల్చినా, గుప్పెడు కల్లుప్పు తీసి మూడుసార్లు తిప్పి, ఇరుగుదిష్టి పొరుగుదిష్టి అని గొణుగుతూ నిప్పుల్లో వేసేది. అది చిటపటలాడితే దిష్టి పోయినట్టు. ఎంత గట్టిగా పేలితే అంత పెద్ద దిష్టి. నాకు ఎప్పుడూ పెద్దదే తగిలేది. అందుకు నాకు లోలోపల కాస్త గొప్పగా కూడా ఉండేది.

మాది మార్కాపురం దగ్గర, ఊరికీ రైలు స్టేషనుకూ నడుమనున్న చిన్న పల్లె. తెల్లదొరల కాలం. మద్రాసు నుంచి ఉత్తర్వులు వస్తే మా దాకా చేరేసరికి అవి పాతబడిపోయేవి. మా వైపంతా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మా నాయనకు గొర్రెల మంద తప్ప మరో లోకం లేదు. మా పల్లె నుంచి హైస్కూలు గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఈ మాట చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించను, ఎవరేమనుకున్నా సరే.

నన్ను బడికి పంపమని పట్టుబట్టినవాడు మా చిన్నాయన, అంటే నాయనకు తమ్ముడు. స్టేషనులో తంతి గదిలో, అంటే టెలిగ్రాఫు గదిలో, పనిచేసేవాడు. టకటకమని తంతి కొట్టే బాబు వేరే ఉండేవాడు. ఆ టకటకలకు కావలసిన కరెంటు గోడ పక్క బల్ల మీద వరసగా పెట్టిన గాజు జాడీల్లో పుట్టేది. వాటిలో నవాసారం అనే తెల్లటి లవణం కలిపిన నీళ్లు పోయడం, అరిగిపోయిన జింకు కడ్డీలు మార్చడం, జాడీలు తుడవడం చిన్నాయన పని. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. అయినా ఆ జాడీలు లేకపోతే మద్రాసుకు మా సంగతి తెలియదన్నట్టు మాట్లాడేవాడు. ఆ టెక్కు మా వంశంలోనే ఉందేమో.

బడిలో మాకు సైన్సు చెప్పే అయ్యవారు మంచి హుషారైన మనిషి. పుస్తకంలో ఉన్నది వల్లె వేయించే రకం కాదు. వస్తువులన్నీ కంటికి కనిపించనంత చిన్న రేణువులతో తయారవుతాయనీ, ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే తీరు రెండు రకాలనీ ఒకరోజు చెప్పాడు. ఇప్పుడు పుస్తకాల్లో అయానిక బంధం, సమయోజనీయ బంధం అంటున్నారు. ఆయన మాకు ఆ పేర్లు చెప్పలేదు. ఒంటెద్దు రైతుల కథ చెప్పాడు.

మా మెట్ట పొలాల్లో చాలామందికి ఒక్క ఎద్దే ఉండేది. ఒక్క ఎద్దుతో దుక్కి సాగదు. అందుకని ఇద్దరు ఒంటెద్దు రైతులు కలిసి, రెండెద్దులనూ ఒకే కాడికి కట్టి, ఇవాళ నీ చేను, రేపు నా చేను అని దున్నుకునేవారు. ఎద్దు ఎవరిది వాళ్లదే, కాని ఆ జత ఇద్దరిదీ. ఇది పొత్తు బంధం అన్నాడు అయ్యవారు. ఇక రెండోది, ఒకడు తన దగ్గర అదనంగా ఉన్నదాన్ని పూర్తిగా ఇచ్చేస్తాడు, కొరతపడినవాడు పుచ్చుకుంటాడు. ఇచ్చినవాడిలో ఒక రకం విద్యుత్తు, పుచ్చుకున్నవాడిలో దానికి ఎదురు రకం విద్యుత్తు మిగులుతాయి. ఆ ఎదురు రకాలు ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. అది ఇచ్చిన బంధం. ఉప్పు ఇచ్చిన బంధమట, చక్కెర పొత్తు బంధమట. పొత్తువి సెగ తగలగానే కరుగుతాయనీ, ఇచ్చిన బంధాలు మన పొయ్యి సెగకు లొంగవనీ కూడా చెప్పాడు. నాకు ఒళ్లు పులకరించింది. మా చేలల్లో తిరిగే కాడెద్దులు ఉప్పులోనూ చక్కెరలోనూ ఉన్నాయా అని రాత్రంతా అదే ఆలోచన.

మరుసటి వారం అయ్యవారు కుంపటి రాజేసి, మూడు గడ్డలు బల్ల మీద పెట్టాడు. కల్లుప్పు, పటికబెల్లం, పటిక. ఏది ఏ బంధమో తేల్చేవాళ్లెవరని అడిగాడు. అడిగిన మాట పూర్తికాకముందే లేచాను. అంత తొందరమనిషిని. ఉప్పు నిప్పుల మీద వేశాను. చిటపటమని పేలింది, కరగలేదు. పటికబెల్లం గరిటెలో పెట్టి సెగ చూపిస్తే పాకమైంది. పటిక పెట్టాను. అది కూడా గబగబా నీరుగారిపోయింది. వెంటనే గరిటె పక్కన పెట్టేసి, ఉప్పు ఒకవైపు, పటికా పటికబెల్లమూ రెండూ పొత్తువైపు అన్నాను. తప్పు అన్నాడు అయ్యవారు.

అక్కడితో కూర్చుని ఉంటే ఈ కథే లేదు. నేను వాదనకు దిగాను. ఉప్పు పేలిన చప్పుడు దాని బంధం తెగిన చప్పుడేననీ, పటిక పేలలేదు కాబట్టి అది ఇచ్చిన బంధం కాదనీ దబాయించాను. ఆ ఊపులో నోరు జారి, "దిష్టి తీసేటప్పుడు కూడా అంతే గదా అయ్యవారూ, బంధం తెగినప్పుడే పేలుతాది," అనేశాను.

గది గదంతా ఘొల్లుమంది. బల్లలు చరిచారు. ఎవడో వెనక నుంచి, "దిష్టి పిల్లా, నాకూ తియ్యి," అని అరిచాడు. అదంతా ఓర్చుకునేదాన్నే. కాని అయ్యవారు కూడా నవ్వాడు. నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. అప్పుడే గంట కొట్టారు. ఎందుకు తప్పో చెప్పకుండానే ఆయన వెళ్లిపోయాడు. 

మర్నాడు బడికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. పుస్తకాల సంచి చూరులో దోపి, నాయన వెంట గొర్రెల మీదికి వెళ్లాను. ఎక్కువ రోజులు మానితే హాజరు పట్టీలోంచి పేరు కొట్టేస్తారని నాకు తెలుసు. కొట్టేస్తే కొట్టేశారు, మళ్లీ ఆ గదిలో ఎవరి మొహమూ చూడలేననుకున్నాను. నాయన నిజంగానే సంతోషించాడు. దాపరికం ఎందుకు, అది గొర్రెలు ఈనే కాలం, గొర్రెపిల్లల మందను కనిపెట్టుకోవడానికి ఆయనకు మనిషి కావాలి.

"సోమవారం నుంచి పిల్లల మంద నీదేనమ్మీ. బడి మనకు అచ్చిరాలేదులే," అన్నాడు. ఆ మాటకు నేను సరేనన్నాను గాని, రాత్రి తిండి దిగలేదు. అమ్మ మళ్లీ ఉప్పు తీసింది. వద్దని చెయ్యి తోసేశాను.

ఆదివారం పొద్దున్నే చిన్నాయన వచ్చాడు. నాయన ఏదో చెప్పబోతే వినిపించుకోకుండా నా వైపు తిరిగి, "ఏంది పాపా, బడి మానినావంట? రా, నా జాడీలు తుడుద్దువు. ఎట్లా ఖాళీగానే ఉండావు గదా," అన్నాడు. చిన్నాయన మీద కోపం తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. వెళ్లాను.

తంతి గది పక్కనే జాడీల గది. లోపల నవాసారం ఘాటు. నేను నాలుగు జాడీలు తుడిచాను. తర్వాత ఆయన తన కథ మొదలుపెట్టాడు. ఆ పనిలో చేరిన కొత్తలో ఒకసారి నవాసారం నిండుకుంటే, ఊళ్లో దుకాణానికి వెళ్లి కొనుక్కొచ్చాడట. దుకాణంవాడు పొరపాటున పటికబెల్లం పొడి పొట్లం కట్టిచ్చాడు. తెల్లగా మెరుస్తున్న పొడి కదా, చిన్నాయన చూసుకోకుండా నీళ్లలో కలిపి జాడీలన్నిటిలో పోశాడు.

"పూటంతా తంతి చచ్చిపోయినాది పాపా. టక్ అనలా, టిక్ అనలా. స్టేషన్ మాస్టరు నా ప్రాణం తీసినాడు. దానికి తోడు తెల్లారి చూస్తే జాడీల చుట్టూ చీమల బారు! ఏడాది పొడుగునా నన్ను చీమలోడనే పిలిచినారు. పోర్టర్లు, గ్యాంగుమెన్లు, టీ అమ్మేవాడు గూడా!"

నాకు నవ్వు ఆగలేదు. నాలుగు రోజుల తర్వాత నవ్వడం అదే. మరి ఏం చేశావని అడిగాను.

"ఏం చేస్తా? మర్నాడు అందరికన్నా ముందు పోయి, జాడీలు కడిగినా. నవాసారం పని చేస్తాది, పటికబెల్లం చెయ్యదు, ఎందుకా అని నాలో నేను కుతకుతా ఉడికినా. ఎందుకో నాకు ఈ పొద్దుకీ తెల్దు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పాల."

అప్పుడు బల్ల కింద నుంచి ఒక పాత చెక్కపెట్టె తీశాడు. లైను బాగుందో లేదో చూసేందుకు వాడి పారేసిన పెట్టె అది. అద్దం వెనక ఒక సూది ఉండేది. కరెంటు పారితే సూది పక్కకు వాలుతుంది. రెండు జాడీలకు తీగలు కలిపి, కొసలు రెండూ ఒక గాజు గ్లాసులో ముంచాడు. గ్లాసులో జాడీల కోసం రేకుల కింద పట్టి దాచిన వాన నీళ్లు. సూది కదల్లేదు. అందులో చిటికెడు ఉప్పు వేశాడు. సూది ఒక్కసారి వాలింది. గ్లాసు కడిగి, కొత్త నీళ్లు పోసి, పటికబెల్లం కలిపాడు. సూది నిద్రపోయినట్టు అలాగే ఉంది.

నాకు అర్థమైంది. ఇచ్చిన బంధమైతే నీళ్లలో పడగానే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ విడిపోతారు. ఎవరి విద్యుత్తు వాళ్లు మోసుకుని నీళ్లలో నడుస్తారు, అందుకే కరెంటు పారుతుంది. పొత్తువాళ్లు నీళ్లలోనూ కాడి దించరు, జత అలాగే ఉంటుంది, మోసేందుకు వాళ్ల దగ్గర ఏమీ లేదు. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. చిన్నాయన నోరు తెరుచుకుని విన్నాడు. విని, జేబులోంచి పటిక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. బడి పిల్లలెవరో చెప్పి ఉంటారు, నా గొడవంతా ఆయనకు ముందే తెలుసన్నమాట.

పటిక కరిగింది కాబట్టి పొత్తే, సూది కదలదు అనుకుంటూ వేశాను. సూది వాలింది. ఉప్పుకు ఎలా వాలిందో అలాగే.

అయ్యవారు చెప్పింది నిజమే. నాదే తప్పు. కాని కరిగింది కదా, నా కళ్లతో నేను చూశాను కదా! ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి, అమ్మ పొయ్యి ముందు గరిటెలో పటిక పెట్టి కూర్చున్నాను. నీరుగారింది. ఈసారి దించలేదు. బుడగలొచ్చాయి, ఆవిరి లేచింది. మెల్లగా అది బొరుగులా పొంగి, తెల్లగా, గట్టిగా, పొడిపొడిగా మిగిలింది. ఎంత ఊదినా, ఎన్ని పుల్లలు ఎగదోసినా ఇక కరగలేదు.

అమ్మ అటుగా వెళుతూ చూసి, "నోటిపూతకు మీ అవ్వ అట్లనే పొంగిచ్చేది. పటికలో నీళ్లుంటాయి, పొయ్యేదాకా ఉంచాల," అంది, అదొక పెద్ద సంగతే కానట్టు.

పటిక సెగకు కరగలేదన్నమాట. గడ్డలో దాక్కున్న నీళ్లు బయటికొస్తే, ఆ నీళ్లలో అదే కలిసిపోయింది. నేను సగంలో గరిటె దించేసి తీర్పు చెప్పాను. ఆ అనుమానంతోనే కల్లుప్పు కూడా పెనం మీద వేశాను. చిటపటలాడింది. అదే ఉప్పును చల్లార్చి మళ్లీ వేశాను. ఒక్క పేలుడూ లేదు. ఉప్పుగల్లులో చిక్కుకున్న నీటి చెమ్మ పోయింది, చప్పుడూ పోయింది. బంధం ఎక్కడికీ పోలేదు. ఇదుగో అమ్మా, దిష్టి లేదు, ఏమీ లేదు, అంతా నీళ్లేనని ఎగిరి గంతేశాను.

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మొదటిసారి వేసినప్పుడే నీ దిష్టి పోయినాది గదే. ఇంక రెండోసారి ఏం పేలుతాది?"

 రసాయన శాస్త్రం పట్టా పుచ్చుకుని వచ్చాక కూడా ఆ వాదనలో మా అమ్మను ఓడించలేకపోయాను.

సోమవారం పొద్దున నాయన నా కోసం చిన్న కర్ర చెక్కి ఉంచాడు. నేను చూరులోంచి సంచి తీశాను. ఆయన కర్రనూ సంచినీ మార్చి మార్చి చూశాడు. "ఈ ఒక్క పూట పో. మళ్లా ఏడ్చుకుంటా వచ్చినావంటే మాత్రం ఇంక బడి మాటెత్తగాకు," అన్నాడు. ఆయన మాటంటే మాటే. అందుకే ఆ దారంతా చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటూ నడిచాను.

నేను అడిగానని చిన్నాయన ఆ పాత పెట్టెనూ రెండు జాడీలనూ కావడిలో మోసుకొచ్చి బడి వరండాలో దించాడు. నేను అయ్యవారి ఎదుట నిలబడి, "అయ్యవారూ, మొన్న నేను తప్పు చెప్పినా. ఎందుకు తప్పయిందో చూపిస్తా, ఒక్క గడియ ఇయ్యండి," అన్నాను. గదిలో పిల్లలంతా నా వైపు తిరిగారు. తప్పు ఒప్పుకోవడానికి సెలవడిగిన పిల్లను వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

ముందు పటికబెల్లం. బడి కుండలోంచి నీళ్లు గ్లాసులోకి తీసుకుని, ముక్క వేసి కలిపి, తీగలు ముంచాను. సూది కదిలింది. కదలకూడదు, కదిలింది! కొంచెమే, కాని అందరికీ కనిపించింది. వెనక బల్ల నుంచి కిసకిసలు మొదలయ్యాయి. దిష్టి తగిలిందిరా అన్నాడొకడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మం దగ్గర చిన్నాయన మొహం పాలిపోయింది. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల గొర్రెల చప్పుడు వినిపించి తల తిప్పితే, చువ్వలు పట్టుకుని మా నాయన. మందను ఆ దారిన తోలుకొచ్చి, నేను ఏడుస్తానో లేదో చూద్దామని నిలబడ్డాడు.

ఏడవలేదు. ఈ వయసులో కూడా ఆ ఒక్కటి తలచుకుంటే నా వెన్ను నిటారుగా అవుతుంది. సూదిని చూస్తూ నిలబడ్డాను. నిన్న వాన నీళ్లు, ఇవాళ బావి నీళ్లు. మా బావుల నీళ్లెలాంటివి? పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, నాలుకకు ఉప్పగా తగులుతాయి. గ్లాసు ఒంపేసి, ఏమీ కలపకుండా ఉత్త కుండ నీళ్లలోనే తీగలు ముంచాను. సూది అంతే కదిలింది, మునుపటంత.

"మన నీళ్లలోనే ఉప్పులుండాయి అయ్యవారూ! పటికబెల్లం కలిపినా ఇంతకు మించి వాలలేదు. అది పొత్తే. ఇప్పుడు పటిక చూడండి."

పటిక వేశాను. సూది జర్రున పక్కకు వాలి పెట్టె అంచుకు ఆనుకుంది. ఉప్పు వేసి చూపించాను. అలాగే వాలింది. ఆపైన పొంగించిన పటికను చేతిలో పెట్టుకుని, గరిటె సగంలో దించిన నా తొందరపాటూ, దాక్కున్న నీళ్లూ, రెండోసారి పేలని ఉప్పూ, అన్నీ చెప్పాను. దిష్టి సంగతి కూడా నేనే చెప్పాను. ఈసారి పిల్లలు నవ్వారు గాని, ఆ నవ్వు నాతో కలిసి నవ్విన నవ్వు.

అయ్యవారు తన చోటు వదిలి దిగి వచ్చాడు. సూది పెట్టె ముందు వంగి, ఉత్త నీళ్లతో ఒకసారి, పటికతో ఒకసారి తనే చేసి చూసుకున్నాడు. "నీళ్లను ముందు పరీక్ష చెయ్యాలని నాకూ తోచలేదు. ఇంకో మాట. ఆ రోజు నువ్వు చెప్పింది తప్పే, కాని నేను నవ్వడం అంతకన్నా పెద్ద తప్పు," అన్నాడు, అందరూ వినేలా. ఆ రోజుల్లో అయ్యవార్లు అలా అనేవారు కాదు. ఆయన మీద నా కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ చిన్నాయనను లోపలికి పిలిచి, జాడీలు ఎలా పనిచేస్తాయో పిల్లలకు చెప్పమన్నాడు. మా చిన్నాయన తలగుడ్డ సవరించుకుని, దగ్గి, చీమల కథతో సహా చెప్పాడు. కిటికీ వైపు చూసేసరికి నాయన లేడు, మంద లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళితే, నాకోసం చెక్కిన కర్ర పక్కింటి పిల్లవాడి చేతిలో ఉంది. పిల్లల మందకు నాయన వాడిని కుదుర్చుకున్నాడు.  ఆయన రచ్చబండ దగ్గర కూర్చుని నలుగురితో చెబుతుంటే, నీళ్లకు వెళుతూ విన్నాను. సూదీ పటికా ఆయనకు అంతుపట్టలేదు, వాటి ఊసే ఎత్తలేదు. "మా అమ్మి అంతమంది మొగపిల్లోళ్ల ముందర నిలబడి, తప్పయినాది అని చెప్పినాది. చెప్పి, ఆ తప్పు మెడలు వంచినాక గాని కూసోలేదు," అన్నాడు. ఆయన గొంతులో అంత గర్వం అంతకుముందు ఎన్నడూ వినలేదు. బిందె కింద పెట్టి, గోడచాటున నిలబడి ఏడ్చాను. పొద్దుటి నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

తర్వాత నేనూ సైన్సు టీచరునయ్యాను. పటిక లోపల పొత్తు బంధాలు కూడా కొన్ని ఉన్నాయనీ, లోకంలో చాలా వస్తువులు అంత తేలిగ్గా ఒకవైపుకు చేరవనీ చదువుకున్నాను, పిల్లలకూ చెప్పాను. ఎవరైనా పిల్ల తప్పు జవాబు చెప్పి గది నవ్వితే, నేను నవ్వకుండా, ఎట్లా తోచిందమ్మా నీకు అని అడిగేదాన్ని. సగంసార్లు ఆ పిల్ల తనే సరిచేసుకునేది. పదవీ విరమణ రోజున శాలువా కప్పారు, దండలు వేశారు, నా విద్యార్థులు పొగిడారు. సంతోషమే. కాని గొర్రెల కాపరి మా నాయన నలుగురిలో నా తప్పు చెప్పి నన్ను పొగిడాడే, దానికి సమానమైన సన్మానం నాకు మళ్లీ ఎవరూ చేయలేదు. పొరపాటు పడిన ప్రతిసారీ నేను ఆ మాట తలచుకునే లేచి నిలబడతాను.